పంటి గాట్లు

నంబర్ ప్లేట్లు రాసి బతికిన చెయ్యి ఇది.
ఇప్పుడు అంకెలు అచ్చుకొట్టి వస్తున్నయి.
మల్లేపల్లి మూలమీద నా స్టూలు, నా గొడుగు,
ఎవరన్న అడ్రసు అడగనీకి ఆగినా
బేరమే అనుకొని లేచి నిలబడుతున్న.

గట్లాంటి ఒక ఆదివారం ఖుద్దూస్ సాబ్ వచ్చిండు.
ఆసిఫ్‌నగర్ ఫిల్టర్ బెడ్ల కాడ ముప్పై ఏండ్లు
పట్నానికి నీళ్ళు వడకట్టి దిగినోడు.
చేతిల బిస్కెట్ డబ్బా. మూత తీస్తే
పదకొండు ప్లాస్టిక్ చేపలు,
పెచ్చులు లేచి, కండ్లు రాలి,
ఆడాడ గజ్జి పట్టినట్టు.
గాలాలు ముందే ఊడదీసిండు.
"నీ వేళ్ళు ఖరాబైతే రంగెవడు వేస్తడు భిక్షపతీ?"

పాత రంగు మీద కొత్తది వేస్తే
మొదటి వానకే పొక్కుతది,
మా ఉస్తాద్ నెత్తిమీద మొట్టి చెప్పిన సంగతి.
కాని ఉస్తాద్‌కు తెలిసింది రేకు.
థిన్నర్ల ముంచినా రేకు రేకు లెక్కనే ఉంటది.
ఆకుపచ్చ చేపను ముంచిన.
చాయ్ తాగి వచ్చేలోపల దాని మొఖం జారింది,
తోక నా బొటనవేలికి బబుల్‌గమ్ లెక్క అంటుకుంది.
ఒడ్డున పడ్డ చేప గూడ గంత తొందరగ చావదు.
ముద్దను జేబుల దాచుకున్న.
పది మిగిలినయి.

మెడికల్ షాపుల స్పిరిట్ అడిగితే
"ఎవరికి దెబ్బ తగిలింది?" అన్నడు.
ఏం చెప్పాలె?
ఆవకాయ సీసా చేతిల పెడుతుంటే
మా పుష్పమ్మ చూపు ఉంది చూడు,
గా చూపుకే సగం రంగు ఊడాలె.
రాత్రంత సీసాల పది చేపలు
ఒకదాని మీద ఒకటి, కదలకుండ.
రెండుసార్లు లేచి లైటేసి చూసిన.
రెండోసారి స్పిరిట్ మబ్బుపట్టి ఉంది.

తెల్లారుజామున నల్లా వచ్చింది.
మా బస్తీకి గండిపేట నీళ్ళు.
ఈ చేపలు ఈదింది గూడ గండిపేటలనే.
అరిగిన టూత్‌బ్రష్ పట్టి
వాటి నీళ్ళల్లనే వాటిని తోమిన.
మీద గులాబి. కింద నలుపు.
నలుపు కింద
పంపు గొట్టాలకేసే సర్కారు నీలం,
ఎక్కడిది సాబ్ అని నేనడగ.
నీలం కింద కంపెనీ వేసిన వెండి పొలుసులు,
అవి గూడ పోయినంక
అద్దం.

చేప లోపల రెండు ఉక్కు గుండ్లు.
ఊపితే చిటచిట.
ఓహో, బురదనీళ్ళల్ల కొర్రమట్ట విన్నది ఇదా!
ఇన్నేండ్లు రంగు మాత్రం
సాబ్ తన కోసమే వేసుకున్నడు.

ఒకదాని పొట్ట కాడ బ్రష్ ఆగింది.
ఏడు గాట్లు. వరుసగ లేవు,
ఎవరో కోపానికి దబ్బనంతో పొడిచినట్టు.
రంగులన్ని పోయినయి, అవి పోలే.
లప్పం కలిపి పెట్టిన,
పూడ్చి గరుకు కాయితం రాద్దామని.

సాబ్ వచ్చి దాన్నే తీసుకున్నడు.
కండ్లు మూసి
బొటనవేలితో గాట్ల మీద తడిమిండు,
వెనక్కి, మళ్ళ ముందుకు.
"ఇవి ఉండనియ్."
ఎంత పెద్దదని అడిగిన.
"చూడలే. విదిలించుకొని పోయింది."
ఇంకేం చెప్పలే. లప్పం డబ్బాలనే రాయైంది.

జేబులది అప్పుడు తీసి చూపించిన.
కరిగిన ముద్దను అటు ఇటు తిప్పి
సాబ్ పడిపడి నవ్విండు:
"దీనికి ఒక్కటంటే ఒక్క చేప పడలే.
మంచి పని చేసినవ్."

అంకెల కుంచెతోనే పొలుసులు వేసిన.
గాట్లున్న దానికి పలుచగ,
లోపలి గుండ్లు కనబడేటట్టు.
ఆఖరికి కన్ను.
ఊపిరి బిగబట్టి
గుండ్రంగ ఒక్క తిప్పు.
ఎన్ని నెలలయిందో
సున్నా రాసి.