డ్రైవ్ నాబు

మార్తా, నీ చీటీ అందింది.
సెరంగో కొండమీద బడి వెనక గదిలో
ఆంప్లిఫయర్ పెట్టాలనుకుంటున్నావట.
ఎన్ని వాట్లది కొనమంటారు అని అడిగావు.

ఎన్ని వాట్లు అరుస్తుందో తర్వాత, గుంటా,
ఎంత తాగుతుందో అడుగు ముందు.
నీ లైసెన్సు కాగితం మీద ఎంత రాసుందో కూడా చూడు.

నా కొట్లో రెండున్నాయి.
ఒకటి విశాఖ పాతసామాన్లలో దొరికిన ట్యూబు పెట్టె.
ఇద్దరు పట్టుకుంటే గాని లేవదు.
ఎక్కువ తోశావంటే ప్లేటు మొహం కందుతుంది,
చూసి చెయ్యి వెనక్కి తీసుకుంటావు.
పావు నిమిషం ఓపిక పడుతుంది నీ తప్పుకి.
కానీ లోపల రెండు వేల వోల్టులు
స్విచ్చి కట్టేశాక కూడా కెపాసిటర్లలో కూర్చునుంటాయి,
బస్సు వెళ్ళిపోయిందని ఆగిపోయిన చుట్టంలాగ.
మా జోగినాయుడి కుడిచేతి రెండు వేళ్ళు
ఇప్పటికీ ముడుచుకునే ఉన్నాయి.

రెండోది ట్రాన్సిస్టర్ పలక, అరచేతిలో ఇముడుతుంది.
యాభై వోల్టులే.
కందదు, మూలగదు,
పోయాక తెలుస్తుంది పోయిందని.
కాగితంలో రాశారు: లోపలికి రెండు వాట్లు మించొద్దు.
నీ సెట్టు ఎంత గొంతు తగ్గించినా అయిదు.

అందుకని మధ్యలో అటెన్యుయేటర్ కట్టు,
పదిలో ఒకటి పోనిచ్చేది.
సెట్టు మీద ఇరవై పెడితే అవతలికి రెండు.
తక్కిన పద్దెనిమిదీ వేడైపోతాయి. పోనీ.
దుబారా అంటాడు మీ హెడ్మాస్టరు, అననీ.
బటను నొక్కిన మొదటి క్షణం
నువ్వెంత తగ్గించి పెట్టినా
సెట్టు నిండు గొంతుతో ఒక్కసారి ఉలిక్కిపడుతుంది.
ఆ వందలో పదే తగలాలి దానికి.

ఇది పుస్తకంలో చదివింది కాదు.
మహేంద్రతనయ వంతెన మీదికొచ్చిన రాత్రి
కాశీనగర్ నుంచి ఒకాయన పిలుస్తున్నాడు.
నాకు వినిపిస్తున్నాడు, నేను ఆయనకి లేను.
పలక కొత్తది. మధ్యలో ఏమీ కట్టలేదు.
తీగె మునగచెట్టుతో సహా ఒరిగిపోయింది,
మీటరు సూది ఎర్రగీత దాటి ఊగుతోంది.
చూశాను.
చూసే తిప్పాను నాబు.

టప్పుమని కూడా అనలేదు.
మాడిన జీడిపిక్క వాసన, అంతే.
రెండు గింజలు, ఎనిమిది వేలు.
నేనింకా మైకులో అరుస్తూనే ఉన్నాను,
గదిలో మా ఆవిడ ఒక్కర్తే వింటోంది.

పలక తీసేసి, వెదురుబొంగుకి తీగె కట్టి,
వట్టి సెట్టు, అయిదు వాట్లతో మళ్ళీ పిలిచాను.
చాలాసేపటికి గరగరల్లోంచి:
"ధీరే కొహొ, దండాసి భాయి."
మెల్లిగా చెప్పాను. ఒక్కో మాటా రెండేసిసార్లు.
రైసుమిల్లు కప్పు. పదకొండుమంది. పడవ.
తెల్లారేసరికి పడవ వచ్చింది.
నా మాట విని వచ్చిందో, ఇంకెవరైనా చెప్పారో,
నేను అడగలేదు.

నువ్వు మాత్రం వరస తప్పకు.
తీగె తగిలించకముందు, నూనె పోసిన రంగుడబ్బాలో
రెసిస్టరు ముంచి దానికి కట్టు.
ఫాను తిరుగుతోందో లేదో చెయ్యి పెట్టి చూడు.
డ్రైవ్ లేకుండా బయాస్ సరిచూసుకో.
రిలే టిక్కుమన్నాక మాట పంపు, ముందు కాదు.
సున్నా నుంచి తిప్పుకుంటూ రా.
నాబు తిరుగుతున్నా సూది పెరగడం మానేస్తే
అక్కడ ఆగు, కొంచెం వెనక్కి రా.
అది దాటి తోసిందంతా
పక్క స్టేషనువాడి చెవిలో ఇసక.

గురువారం బస్సులో డ్రైవరు సీటు కింద
అటెన్యుయేటరు, రంగుడబ్బా పంపుతున్నాను.
పలక పంపడం లేదు.
ఆదివారం ప్రార్థన అయ్యాక
ఆ అయిదు వాట్లతో పిలు, మెల్లిగా.
నాకు వినబడకపోతే
వచ్చేవారం పలక పంపిస్తాను.

దండాసి పాత్రో
రైలుగేటు పక్కన, పర్లాకిమిడి