చదరపు అడుగుకు ఎనిమిది

మాదాపూర్ల మూడొద్దులు ట్రైనింగిచ్చి
నీలం చొక్కా ఒకటి, మిషను ఒకటి
అప్పు మీద చేతుల పెట్టిన్రు.
జేబు మీద కంపెనీ పేరు పెద్దగ,
దాని కింద చీమంత అక్షరాలల్ల
ఐలేశ్ అని నేను.

పుస్తకంల అన్నీ రాసున్నయి:
మరకను రుద్దొద్దు, అద్దాలె.
కస్టమర్ ఇంట్ల మంచినీళ్లడగొద్దు.
కడగకముందు ఒక ఫొటో, కడిగినంక ఒక ఫొటో.
నల్లగొండ నీళ్ల గురించి మాత్రం
ఒక్క ముక్క లేదు.

మొదటి కార్పెట్ పండ్ల డాక్టరు ఇంట్ల.
పొద్దుమీకి ఆరినంక చూస్తే
ఎర్రపువ్వుల మీద తెల్లగ ఉప్పు పూసింది,
చెమటారిన చొక్కా వీపు తీరు.
మేడం ఏమనలే.
చెప్పులిడిచి దాని మీద నాలుగడుగులేసి
మళ్ల చెప్పులు తొడుక్కున్నది.
పైసలు ఫోన్ల పడ్డయి.
చుక్కలు రెండే పడ్డయి.

కంపెనీకి ఫోన్ చేస్తే
ఫిల్టర్ నీళ్లు వాడుమన్నరు.
క్యాన్ల లెక్క వేసిన, లాభం క్యాన్లల్లనే మునిగింది.
అమ్మ తన చేతులు చూసుకుంటనే అన్నది:
"ఈ నీళ్లకు కోపమెక్కువ బిడ్డా.
రాత్రంత కదిలియ్యకు, పొద్దున తేటనే వంచుకో.
ఆఖరి జాడింపుల నిమ్మకాయ పిండు."
నకిరేకల్ నుంచి బస్తా తెచ్చిన.
ఉప్పు ఇరిగింది.
రిపోర్టుల నిమ్మకాయకు గడి లేదు,
ఇతరములు అని రాసిన.

హైదరాబాదు అంచు అపార్ట్‌మెంట్లకు పోతే
గేటు కాడ సంతకం, సామాన్ల లిఫ్టు.
పేరడగరు.
పైకి ఫోన్ చేసి "కార్పెట్ వచ్చిండు" అంటడు వాచ్‌మన్.
పది అంతస్తులు
నేను కార్పెట్‌నై ఎక్కుత.
అడుగుకు ఎనిమిది, బేరం లేదు,
తలుపు మూసుకునేటప్పుడు థ్యాంక్యూ సగం బయట, సగం లోపల.

కంపెనీ మ్యాపుల దేవరకొండ దాక నాదే.
ఆకుపచ్చ రంగు పూసి ఇచ్చిన్రు.
ఆ పచ్చల కార్పెట్లెన్నున్నయో
పూసినోళ్లు చూసినట్టు లేదు.
ఉన్నయి జాంగీర్ టెంటు హౌజు జంఖానాలు, పద్దెనిమిది.
ఒకదాని మీదనే
పెండ్లి పసుపు, దినాల కూర, మీటింగుల ఉమ్మిన పాన్.

పరిచి కొలుస్తుంటే అరుగు మీదికెల్లి ఒకాయన,
"ఎవల కొడుకువు?"
చెప్పిన.
"ఓ, చాకలి ముత్తమ్మ మనుమనివా!
అడుగుకు ఎనిమిదేందిరా,
మీ తాతకు ఏడాదికి కుంచెడు జొన్నలిస్తుంటిమి."
అందరు నవ్విన్రు. పగతోని గాదు,
పట్టుకుందామంటే పిడి లేని నవ్వు.
నేను గూడ నవ్విన.
జేబు మీది కంపెనీ పేరు నవ్వలే.
బిల్లు బుక్కు తీసి, జీఎస్టీ వేసి,
గీత మీద సక్కగ చింపి జాంగీర్ చేతుల పెట్టిన.
ఆయన సగమిచ్చిండు.
మిగిలింది లగ్గాల సీజన్ల అన్నడు.

బండి ఎక్కేటప్పుడు వచ్చింది కురుమ బీరమ్మ,
భుజం మీద గొంగడి.
షాంపూ డబ్బా మూత తిప్పిన్నో లేదో
"ఏయ్, తడిపితివో!
గొంగడిని ఉతుకుతరా పిలగా?
దాని వాసన పోతే మంద నన్ను పోల్చుకోదు.
నీ మిషను గాలి గుంజుతదట గదా,
దుమ్ము గుంజు, చాలు."

గుంజిన.
ఎర్రమన్ను, పల్లేరుగాయలు,
ఏ ఊరి చేన్లదో ఒక కందిగింజ.
టేపు పెడితే నలభై అడుగులు.
చుట్టి జేబుల ఏసుకున్న.
వంద నోటిచ్చి చిల్లరకు చెయ్యి చాపింది,
యాభై ఇస్తే
ఇంకో పది అడిగి తీస్కున్నది.

రాత్రి మాదాపూర్ నుంచి ఫోన్:
"ఐలేశ్ గారూ, ఒకటే ఫొటో రెండుసార్లు పెట్టారు.
ముందుది, తరువాతది, రెండూ ఒకటే."
లేదు సార్, మంచిగ చూడుండ్రి అన్న.
చానసేపు
లైన్ల ఎవరు మాట్లాడలే.