అక్క బాగున్న రోజు

మున్సిపాలిటీ నుంచి మెర్వి అనే ఆమె
మంగళవారం పదకొండింటికి వస్తానంది.
పదింబావుకే వచ్చింది, కుహ్మో రోడ్డు మీద మంచు తీశారట.
బూట్లు గుమ్మంలో విప్పి
మేజోళ్ళతో లోపలికొచ్చి
ఫారం తెరిచింది. పన్నెండు పేజీలు.

అక్క ఆ మేజోళ్ళకేసి చూసింది.
ఎవరో ఇంటికొచ్చారు.
అంతే.
స్ట్రోక్ వచ్చిన ఈ రెండేళ్ళలో
చెంచా ఏ చేతిలో ఉందో తెలియని మనిషి
లేచి నిలబడింది.
జుట్టు చెవుల వెనక్కి తోసుకుంది.
బడి వంటగదిలో ముప్పయ్యేడేళ్ళు నిలబడ్డ నడుము
దానంతటదే నిటారయింది.
నీలం అంచు కప్పులు దింపింది, చుట్టాలకి మాత్రమే తీసేవి.
కాఫీ పోసింది.
ఒక్క చుక్క సాసరులో పడలేదు.

"పాలు?" అని అడిగింది.
ఆ మాట నేను విని ఏడాదిన్నర.

మెర్వి రాసుకుంది.
తలకిందుల అక్షరాలు నేను చదవలేను,
కాని పెన్ను ఎక్కడా తడబడలేదు.

"రాత్రి ఎన్నిసార్లు లేస్తారు, తౌనో?"

నలభై ఏళ్ళ కింద అమ్మేసిన ఆవు ఈనుతోందని
అక్క ఉత్తకాళ్ళతో మంచులోకి పోతుంది.
తలుపుకి గంట కట్టాను, అదీ ఆ ఆవుదే.
ఒక్కోసారి నన్ను నాన్న అనుకుంటుంది,
ఒక్కోసారి దొంగ.
దొంగయిన రాత్రి కొడుతుంది. గట్టి చెయ్యి.

ఇదంతా చెప్పొచ్చు.
కాని అక్క ఎదురుగా కూర్చుని
యాలకుల రొట్టె కోస్తోంది, ముగ్గురికీ సమంగా.
ఆ చేతుల ముందు
తడిసే పక్క గురించి ఏ నోటితో చెప్పను?
"ఒకటి రెండుసార్లు," అన్నాను.
"పెద్ద కష్టం కాదు."

మూడు వారాలకి కాగితం వచ్చింది.
కింది తరగతి.
తగ్గించింది పెద్ద అంకేమీ కాదు,
గురువారాలు వచ్చి స్నానం చేయించే పిల్లకి ఇచ్చేదానికన్నా
కొంచెం ఎక్కువ.
ఫిన్లాండ్ చట్టం ప్రకారం నేను "కుటుంబ సంరక్షకుణ్ణి."
తమ్ముడు అనే మాట ఒప్పందంలో ఎక్కడా లేదు.
నెలకి మూడు రోజుల సెలవు మాత్రం అలాగే ఉంచారు.
మొన్న ఒక రోజు వాడుకున్నాను.
గడ్డకట్టిన సరస్సుకి కన్నం తొలిచి
గాలం వేసి కూర్చున్నాను.
పావుగంటకోసారి గంట మోగినట్టయి లేచాను.
చేపలు రాలేదు. అవీ సెలవులోనే ఉన్నాయేమో.

ఒప్పుకోకపోతే ముప్పై రోజుల్లో రాయమన్నారు.
ఏమని రాయను?
"అయ్యా, ఆ రోజు మా అక్క బాగుంది.
అది పొరపాటు, సరిచేయండి" అనా?

కాగితం బల్ల మీదే వదిలేసి బయటికి పోయాను.
ఎందుకు చేశానో తెలీదు,
నా తలుపే నేను తట్టాను.
బూట్లు గుమ్మంలో విప్పాను.

అక్క చూసింది. చాలాసేపు.
"మా తమ్ముడు లేడండీ,
ఆవు దగ్గరికెళ్ళాడు. కూర్చోండి."

కూర్చున్నాను.
కాఫీ కప్పులో సగం పడింది.
మిగతాది బల్ల మీద పారి
నేను రాయని ఖాళీలన్నీ నింపుకుంటూ పోయింది.

తుడవలేదు.
ఆరాక తేదీ వేసి, సంతకం చేసి,
కవరులో పెట్టాను.