ఏడు పాయింట్ రెండు

డబ్బల మూడు సీసాలు.
గులాబీ రంగుది నాలుగు, పసుప్పచ్చది ఏడు, నీలిది పది.
నాలుగంటే పులుపు దిక్కు,
పదంటే సబ్బు చేతుల జారే దిక్కు,
ఏడు ఏ దిక్కూ కాదు,
పంచాయితిల ఎవ్వరి పక్కా కూసోని పెద్దమనిషి.

ధర్మారం గేటు పడ్డది. బండి ఆపిన.
బొగ్గు గూడ్సు: యాభై తొమ్మిది డబ్బాలు.
లెక్కపెట్టుడు నాకు రోగం.
మంచి గాజుబుడ్డి మెట్టుకిన్ని మిల్లీవోల్టులు ఇయ్యాలె అంటరే,
అవి గూడ యాభై తొమ్మిదే.
శకునం మంచిదనుకున్న. నవ్వొచ్చింది.

గేటు అవతల అద్దకం షెడ్డు.
కొత్తవాడ మగ్గాలెక్కే జంపఖానాల ఉన్నికి ఈడనే రంగు.
ఇయ్యాల దానిమ్మ ఎరుపు.
కాల్వ ఎరుపు, గోడ ఎరుపు,
కాల్వల మూతిపెట్టిన కుక్క మీసాలు గూడ ఎరుపే.
సిర్కా వాసన ముక్కుల గుచ్చుతున్నది.

తెర మీద: ఏడు పాయింట్ రెండు.
వెనక్కి జరిపి చూసిన. నిన్న ఏడు పాయింట్ రెండు,
మొన్న, అటుమొన్న, వాన కొట్టిన బేస్తవారం రాత్రి,
పదకొండు దినాలు
బిగించిన పడుగు పోగు లెక్క ఒకటే గీత.

పారే నీళ్ళు గింత నిమ్మళంగ ఉండయి.
ఎవరో గంగాళం కడుగుతరు, ఎవరో యాసిడ్ క్యాన్ వంచుతరు,
పైన ఎండ మారుతది. అంకె ఉలిక్కిపడాలె.
వణకని అంకెను నేను నమ్మ.

తీగె పట్టుకొని నడిచిన.
ట్యాంకు దిక్కు పోవాల్సిన తీగె
మెట్ల కిందికి మలిగింది.
అక్కడ పెయింట్ బకెట్, మూతకు గుండ్రంగ కోసిన బొక్క,
లోపల నల్లా నీళ్ళు, నీళ్ళల్ల నా బుడ్డి.

కొంరెల్లి చీపురు పట్టుకొని నిలబడ్డడు.
"సారు పెట్టుమన్నడు మేడం.
దినం తప్పి దినం నీళ్ళు మారుస్తున్న.
ఎండితే సచ్చిపోతదని మీరే చెప్తిరి గదా."

చెప్పిన. పోయిన ఎండకాలం చెప్పిన.
తుడవొద్దు, అద్దాలె అని గూడ చెప్పిన,
పురుటి బిడ్డ నెత్తి అద్దినట్టు.
ఆయన బుజం మీద మెత్తటి తెల్లగుడ్డ ఉన్నది. ఉతికింది.

కడిగి మూడు సీసాల్ల ముంచిన.
నాలుగుల నాలుగన్నది, ఏడుల ఏడు, పదిల పది.
మెట్టుకు యాభై ఎనిమిదిన్నర.
ఈ చుట్టుపక్కల ఇంత ఆరోగ్యమైన బుడ్డిని నేను చూడలె.
అది అబద్ధం ఆడలె.
తానున్న బకెట్ సంగతి పదకొండు దినాలు
పొల్లుపోకుండ చెప్పింది.

ఎత్తి ట్యాంకుల దింపిన.
ఆరు పాయింట్ ఎనిమిది.
అయిదు పాయింట్ తొమ్మిది.
అయిదు.
నాలుగు పాయింట్ ఆరు కాడ ఆగి
చలిజరమొచ్చినట్టు వణుకుడు సురూ.
ఎర్ర లైటు. సైరన్.
ట్యాంకు దాటితే వాగు, వాగు దాటితే మక్క చేన్లు.
మక్క చేన్లకు మీటరు లేదు.

ఫోన్ల వెల్దండి సారు:
"ఏందమ్మా, మంచిగున్న సెన్సర్ ఖరాబు చేసినవా?
నీ బిల్లు ఎట్ల పాస్ కావాలె?"
మూడు నెలల బిల్లు. మతికున్నది.

కాగితంల గడులు: బుడ్డి, తీగె, మీటరు, ద్రావణం.
మంచిగున్నది, మంచిగున్నది, మంచిగున్నది, మంచిగున్నది.
బకెట్‌కు గడి లేదు.
అంచుల నిలువుగ రాసిన:
బకెట్ రంగు, ఎన్ని లీటర్లు, ఎక్కడ, ఎన్ని దినాలు.
ఎవరు అన్నకాడ పెన్ను ఆగింది.
అంత జాగ ఇడిసిపెట్టి, కింద సంతకం చేసిన.

"నా పని పోతదా మేడం?"

దానికి నా డబ్బల సీసా లేదు.

కొంరెల్లి నీళ్ళు పారబోసి,
బకెట్ బోర్లేసి,
దాని మీదనే కూసోని బీడీ ముట్టిచ్చిండు.
ఆయన వెనుక తెర మీద
నాలుగు పాయింట్ ఆరు,
నాలుగు పాయింట్ అయిదు,
మళ్ళ ఆరు.