మూడు ముళ్ల పురికొస

వెంగమ్మ కొంగున ముడేసుకుని పురికొస ముక్క తెచ్చింది.
దానికి మూడు ముళ్లు.
ఒకటి పొడుగు, ఒకటి వెడల్పు, ఒకటి ఎత్తు.
ట్రాలీలో మా మంచం కింద
బ్యాటరీకి మిగిలిన చోటు అంతే.

ట్రంకు రోడ్డులో కాలేషా అంగడి.
"ఏంది మాలకొండయ్యా, పోయినేడే కదా మార్చావు?"
మార్చాను. ఇక్కడ కాదు.
అల్లూరులో పాత కార్లు విప్పేవాడి దగ్గర
పన్నెండొందలకి బేరమాడి,
గెలిచాననుకుని, ఈల వేసుకుంటూ మోసుకొచ్చాను.

అది ఎనిమిది గంటలకి వెలిగి
పదింటికి కునికేది.
విడవలూరు కోతమళ్లలో ఒక రాత్రి
వల చుట్టూ కట్టిన ఎర్ర దీపాలు ఆరిపోయాయి.
అడవిపిల్లి ఎప్పుడొచ్చిందో తెలీదు.
పొద్దున బాతుల్ని లెక్కపెట్టి
వెంగమ్మ నన్నేమీ అనలేదు.
పదకొండు అన్నది. అంతే.

కాలేషా నా పాత బ్యాటరీని కాలితో తట్టి చెప్పాడు:
"బండలాగుడు పందేనికి పోయే ఎద్దు వేరు,
పొద్దస్తమానం కాడి మోసే ఎద్దు వేరు.
ఇది ఇంజనుకి ఒక్క ఊపు ఇచ్చి
పక్కకి తప్పుకునే రకం.
దీన్ని రాత్రంతా కావలి పెడితే చచ్చిపోదా మరి!"

లోపల్నించి పొడుగాటిది ఒకటి తెచ్చాడు,
బానంత లావు, ఇద్దరు మోస్తేగాని కదల్లేదు.
వెంగమ్మ పురికొస ఆనించింది.
మూడో ముడి దాటి నాలుగు వేళ్లు పైకుంది.
"మంచం లేపుకోండమ్మా."
"లేపితే రేకు తలకి కొడతది.
ఎండాకాలం దాని కింద ఎవరు పడుకుంటారు, నువ్వా?"

కాలేషా నవ్వి టేపు తీశాడు.
కొలిచి చూసి నవ్వు ఆపాడు.
ముళ్లు తప్పలేదు, వైరు బిగించే బుడిపెలతో సహా.

పొట్టిది దొరికింది, అరవై యాంపియర్లు.
రెండు దీపాలు, ఒక ఫ్యాను, ఫోనుకి ఛార్జింగు,
తెల్లారేదాకా వస్తుందన్నాడు.
ఆమె స్టిక్కరు గోటితో గీకి
తయారైన నెల ఏదని అడిగింది.
ఆరువేల ఎనిమిదొందలు.
పాతదానికి తొమ్మిదొందలు కోసుకున్నాడు.
మిగిలింది నేను డబ్బుల్లో లెక్కేశాను,
ఆమె ట్రేలలో లెక్కేసింది:
ఇరవై అయిదు ట్రేల గుడ్లు.

ఇంతటితో అయిందనుకున్నా.
కాలేదు.
పాతది బుచ్చి కాలవ గట్టు మీద
గుంటలో చక్రం దిగినప్పుడు పక్కకి ఒరిగి
యాసిడ్ కక్కింది. దుప్పటికి జల్లెడంత చిల్లులు.
ఆ దుప్పటిని మడిచి ఇంకా దాచింది వెంగమ్మ,
నాకు చూపించడానికే.

కోవూరులో జిలానీ షెడ్డు.
యాంగిల్ ముక్కలు కోసి పెట్టెలా అతికించి
ట్రాలీ అడుగుకి బోల్టులతో బిగించాడు.
కింద లారీ టైరు ముక్క పరిచాం.
మీద టేకు రీపరు అడ్డంగా వేసి
రెండు కొసలా పొడుగు బోల్టులు దింపాం.
గాలి బయటికి పోవడానికి
సన్న గొట్టం రేకులోంచి తీశాం.
తెగిపోయిన నా చెప్పు నించి
రెండు గుండ్రాలు కోసి
బుడిపెలకి టోపీలు పెట్టిందామె.
"దీనికి మాత్రం కొత్తవి కావాలేంటి?"

ఊపి చూడమన్నాడు జిలానీ.
నేను రెండు చేతులా పట్టి ఊపాను.
ట్రాలీ కదిలింది,
పైన తట్టలు, గిన్నెలు, జోడు నులకమంచాలు కదిలాయి,
గూట్లో గుడ్డు మీదున్న బాతు లేచి నన్ను తిట్టింది.
బ్యాటరీ కదల్లేదు.
"పెళ్లిలో నువ్వు వేసిన ముళ్లకన్నా గట్టిగుంది,"
అన్నది వెంగమ్మ,
జిలానీ అటు తిరిగి నవ్వుకున్నాడు.

ఈ రాత్రి ఇందుకూరుపేట పక్కన ఆగాం.
నీళ్లింకని మళ్లలో ఎర్ర దీపాలు
వరసగా మిణుకుతున్నాయి.
మూడొందల పదిహేడు.
రెండుసార్లు లెక్కపెట్టాను, రెండుసార్లూ అంతే.

నిద్ర పట్టక మంచం కింద చెయ్యి పెట్టాను.
చెయ్యికి పురికొస తగిలింది.
బోల్టుకి చుట్టి పెట్టింది,
మళ్లీ కొనాల్సి వచ్చే రోజుకి.
ఫ్యాను తిరుగుతోంది.
వెంగమ్మ నిద్దట్లో అటు ఒత్తిగిలింది,
దుప్పటి చిల్లుల్లోంచి
మోచెయ్యి బయటపెట్టి.