ఐదు నిమిషాలు

ఎర్దెనెత్‌లో చలి మైనస్ ముప్పై దాటాక
మనుషులు నాతో అబద్ధాలాడతారు.
"నెమ్మదిగానే నడుపుతా" అంటాడు గాన్‌జోరిగ్.
నేనేమీ అనను. డిప్‌స్టిక్ లాగి, గుడ్డతో తుడిచి,
మళ్ళీ ముంచి తీస్తాను.
రెండు వేళ్ళ మధ్య చుక్క రుద్దితే చాలు.
పెట్రోలు వాసన, నీళ్ళలా జారే పల్చదనం:
ఇంజన్ నిద్ర లేచీ లేవకముందే
రాగి గని గేటు దాకా ఉరికించాడు.

సెవీన్ లారీ నూనె కాటుక నలుపు.
గోబీ దాకా వెళ్ళొస్తాడు, దారంతా ఒకటే వేగం.
ఆ నలుపుకి నేను జడవను.
మసి మోయడమే కదా నూనె కొలువు.

జడవాల్సింది తెలుపుకి.

జనవరిలో దుల్మా గారి బండి వచ్చింది.
బానెట్ మీది కంబళి తీశాను.
మూడేళ్ళలో నూట పదకొండు కిలోమీటర్లు.
మూత విప్పితే అడుగున
విరిగిన పాలటీ మీది మీగడలాంటి జిగురు.

"రోజూ పొద్దున్నే స్టార్ట్ చేస్తా" అందావిడ.
"ఐదు నిమిషాలు. పాడవకూడదని."
గ్లోవ్ వేలికొస లాక్కుంటూ కాసేపాగి,
"చోయ్‌జిల్ షిఫ్టుకి బయల్దేరే టైముకి."

జపాను నుంచి వచ్చిన బండి, స్టీరింగు కుడివైపు.
ఆవిడెప్పుడూ ఎడమ సీటే.
అక్కణ్ణుంచే చెయ్యి చాపి తాళం తిప్పుతుందట,
హీటరు మోతలో కూర్చుంటుందట.

ఆ ఐదు నిమిషాలే దీన్ని తినేస్తున్నాయని
ఏ నోటితో చెప్పను?
వెచ్చబడేలోగా ఆపేస్తే
లోపలి ఆవిరి బయటికి దారి లేక
నీరై నూనెలో దిగి కూర్చుంటుందని?

నూనె మార్చాను. ఫిల్టరు మార్చాను.
"నడపడం వచ్చా?" అన్నాను.
"వచ్చు. అవసరం పడలేదు."
బిల్లు వెనక పెన్సిలుతో రాసిచ్చాను:
వారానికోసారి కనుమ మీది ఓవో దాకా,
రానూ పోనూ నలభై. మధ్యలో ఆపొద్దు.
చదివి, మడిచి, మాట్లాడకుండా వెళ్ళిపోయింది.

ఏప్రిల్లో మళ్ళీ వచ్చింది.
చక్రాల మీద ఎండిన బురద,
మీటరు మీద కొత్తగా ఏడొందల చిల్లర.
మూత లోపల తేనెరంగు పొర, పొడిగా.
"ఇంకా నాలుగు వేలు నడపండి" అన్నాను.
"ఓవో దగ్గర మూడుసార్లు హారన్ కొడుతున్నా,
అందరిలాగే" అంది, అడగకుండానే.

బండి బయటికి తీద్దామని ఎక్కితే
కుడి సీటు రెండు గళ్ళు ముందుకి జరిగి ఉంది.
నేను పొడగరిని.
సీటు కదపలేదు.
మోకాళ్ళు స్టీరింగుకి ఒత్తుకుంటుండగా
అలాగే రివర్సు చేశాను.