చెయ్యెత్తిన కొలత

ట్రైనింగు సెంటర్లో ఇచ్చిన అట్టముక్క మీద
ముప్పయ్యారు అని రాసుంది.
పదకొండేళ్ళుగా ఆ ముప్పయ్యారు
సఖినేటిపల్లి రేవు వీధిలో
ఒక్క మనిషికీ సరిపోలేదు.

చేపల మరిడమ్మ జాకెట్టు
కొత్తదైనా పాతదైనా చిరిగేది ఒకే చోట.
కుడి చంక కింద.
కుట్టు ఊడి కాదు,
కుట్టు పక్కన గుడ్డే విచ్చుకుని.
మూడుసార్లు అతుకేశాను.
నాలుగోసారి "మంచి దారం కొనుక్కోవే" అంది.

"చేతులు దించి నిలబడత్తా" అన్నాను,
అందరితో అనే మాటే.
"చేతులు దించి నేనెప్పుడున్నానే పిల్లా?
పొద్దున్నే పంటు దిగితే
ఒంటిగంటకి గంప దించుతాను.
నువ్వు కుట్టేది
ఆ ఒంటిగంట తరవాతి మరిడమ్మకి."

గుమ్మం పక్కనున్న గంప ఎత్తుకోమన్నాను.
ఖాళీ గంపే. కానాగంతల వాసన తప్ప ఏమీ లేదు.
అయినా నెత్తిన పెట్టగానే
మెడ నిటారైంది,
కుడిచెయ్యి తనంతట తనే లేచి అంచు పట్టుకుంది,
ఎడం భుజం వేలెడు జారింది.
అప్పుడు కొలిచాను.
చంక నుంచి నడుము దాకా
దించిన చేతికి ఆరున్నర,
ఎత్తిన చేతికి ఎనిమిదింబావు.
ఒకటీ ముప్పావు అంగుళాల కోసం
ఇన్నేళ్ళూ ఆవిడ గుడ్డతో పోట్లాడుతోంది,
నేను దారాన్ని తిడుతున్నాను.

రాత్రి పాత పేపరు పరిచాను.
పోయిన శ్రావణం నాటిది,
ధవళేశ్వరం దగ్గర రెండో ప్రమాద హెచ్చరిక.
ముప్పయ్యారు గీసేసరికి
ధవళేశ్వరం వీపు మీదికొచ్చింది,
హెచ్చరిక చంక దగ్గర ఆగింది.
పక్క కుట్టు నుంచి హుక్కుల పట్టీ వైపు
అడ్డంగా కోత పెట్టాను,
చివర నూలుపోగంత కాగితం తెగకుండా వదిలి.
మెల్లగా తెరిస్తే విసనకర్రలా విచ్చుకుంది.
ఆ సందులో పెళ్ళిసంబంధాల పేజీ ముక్క పెట్టి
గంజితో అతికించాను.

కోత అంటే మా ఇంట్లో ఏటి మాట.
మా తాత కొబ్బరిచెట్లు పదిహేడు
వశిష్ఠ కోసుకుపోయి
అవతల లంకకి ఇసకగా తొడిగింది.
సర్వే పటంలో మాత్రం మా గట్టు
గీసినచోటే ఉంది, గీత చెరక్కుండా.
పటం తప్పనుకునేవాళ్ళం కాదు మేము,
ఏరే తప్పనుకునేవాళ్ళం.

ఎప్పుడైనా గుడ్డ రెండు మడతలేసి కోస్తాను.
ఒక్క కత్తిరింపుకి రెండు పక్కలూ వచ్చేస్తాయి,
మనిషికి కుడీ ఎడమా ఒకటేనన్న ధీమాతో.
ఆ రాత్రి మడత విప్పాను.
ముదురాకుపచ్చ టూబైటూ
మంచం మీద ఒంటిపొరగా పడుకుంటే
మొదటిసారి కోస్తున్నట్టు చెయ్యి వణికింది.
కుడి వేరు. ఎడమ వేరు.
చంకలో గాలిపటమంటి చిన్న ముక్క,
అది రెండుసార్లు ఊడదీశాను.
కరెంటు పోయి వచ్చేలోగా
మూడోసారి తలకిందులుగా కుట్టాను.

మర్నాడు తలుపు చాటున తొడుక్కుని
అద్దం చూడలేదావిడ.
గంపెత్తుకుని వీధి మలుపుదాకా వెళ్ళి వచ్చింది.
జాకెట్టు అంచు నడుమ్మీదే ఉంది.
"గుడ్డేం మిగల్లేదేంటే?"
"అంతా చంకలోకే పోయిందత్తా."
నమ్మనట్టు చూసింది.
"ఎడం చేతికందేలా ఓ జేబు కూడా ఎయ్యి.
చిల్లరియ్యాలంటే ఆ చెయ్యే కదా ఖాళీ."
ఇన్నాళ్ళూ ఇలా కుట్టొచ్చు కదా అని
గొణుక్కుంటూ పంటు వైపు పోయింది.

కాగితం చుట్టి మేకుకి తగిలించాను,
మరిడమ్మ, చెయ్యి పైకి అని రాసి.

సాయంత్రం లేసు అల్లే జ్ఞానసుందరి వచ్చింది,
మెడ వెనక జాకెట్టు లాగేస్తోందని.
చేతులు దించి అనబోయి
టేపు మెడలోనే ఉంచుకుని
పీట వాల్చాను.
"రోజంతా ఎలా కూర్చుంటావో
అలా కూర్చో."